‘ఫార్మాట్ చేయాలా?’ అని అడిగితే క్యాన్సిల్ నొక్కండి

ప్రశ్న: నమస్తే సార్. మాది ఆమదాలవలస, నేను టీచర్‌ని. మా మావయ్యగారు రిటైరయ్యాక పదేళ్లపాటు చుట్టుపక్కల ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి జానపద ప్రదర్శనలు ఎక్కడ జరిగినా వెళ్లి వీడియో తీసుకొచ్చేవారు. అన్నీ ఒకే 1 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఇంకో కాపీ లేదు. మొన్న సంక్రాంతికి చుట్టాలొస్తే టీవీకి పెట్టి చూపిస్తుండగా కరెంటు పోయింది. అప్పట్నుంచి ఇంట్లో పాత సిస్టమ్‌కి పెడితే లైటు మిణుకుమంటుంది తప్ప డిస్కు కనబడదు. నా ల్యాప్‌టాప్‌కి పెడితే ఒక్కోసారి ‘ఈ’ (E) డ్రైవ్ అని వస్తుంది. తెరవబోతే ‘ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?’ అని అడుగుతోంది. ఫార్మాట్ కొట్టేసి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగేద్దామని మా మరిది అంటున్నాడు. విండోస్‌లో డిస్కు తప్పులు సరిచూసే చెక్‌డిస్క్ పెట్టమని ఒకరు, ఫ్రీజర్‌లో పెట్టమని ఒకరు చెప్పారు. పైగా 1 టీబీ అని కొన్న డిస్కు 931 జీబీయే చూపిస్తోందట, మిగతా 69 జీబీ అప్పుడే పోయిందని మరిది అంటున్నాడు. మావయ్యగారికి ఇంకా చెప్పలేదు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ డిస్కు కేబుల్ తీసేసి బీరువాలో పెట్టండి. ఈ జవాబు చివరిదాకా చదివాక బయటికి తీయొచ్చు. మీ మరిదికి కూడా చదివి వినిపించండి. అతను చెప్పింది పూర్తిగా తప్పయితే నాకింత కంగారు ఉండేది కాదు. సగం కరెక్టు. నా షాపుకి ఏడుస్తూ వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆ సగం కరెక్టు నమ్ముకున్నవాళ్లే.

69 జీబీ సంగతి ముందు తేల్చేద్దాం. అది ఎక్కడికీ పోలేదు. డిస్కు చేసే కంపెనీలు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కేస్తాయి. విండోస్ వెయ్యికి బదులు 1024తో భాగించుకుంటూ పోతుంది. అలా భాగిస్తే 931 వస్తుంది. కొన్న రోజు కూడా అంతే చూపించి ఉంటుంది, ఎవరూ చూసి ఉండరు. నిజానికి ఆ 931 మీకు శుభవార్త. డిస్కు తన సైజు తాను సరిగ్గా చెప్పుకోగలుగుతోందంటే లోపలి బోర్డు బతికే ఉందన్నమాట.

ఇక ఫార్మాట్. కంప్యూటర్ ‘ఫార్మాట్ చేయాలి’ అన్నంత మాత్రాన డిస్కు ఖాళీ అయిపోయినట్టు అనుకోకండి. అక్కడున్నది చదవడం దానికి చేతకాలేదు, అంతే. ఆ మాట ఒప్పుకోకుండా, చెరిపేసి కొత్తగా మొదలుపెడదామా అని మర్యాదగా అడుగుతుంది. మనకి అడంగల్ తెలుసు కాబట్టి ఆ లెక్కలో చెబుతాను. ఊళ్లో పొలాలుంటాయి. ఏ సర్వే నంబరు ఎవరిది, ఎన్ని సెంట్లు అన్నది అడంగల్‌లో ఉంటుంది. మావయ్యగారి వీడియోలు పొలాలైతే, ఏ వీడియో డిస్కులో ఎక్కడుందో రాసిపెట్టుకునే ఫైల్ సిస్టమ్ ఆ అడంగల్. డిస్కు నడుస్తుండగా కరెంటు పోతే మామూలుగా దెబ్బతినేది ఆ పుస్తకంలో ఒకటి రెండు పేజీలు. పొలాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫార్మాట్ కొట్టడమంటే కొత్త అడంగల్ తెరిచి ఊరంతా బంజరు అని రాసేసుకోవడం. ఆ తర్వాత మీ మరిది పెట్టే రికవరీ సాఫ్ట్‌వేర్ గట్ల మీద తిరుగుతూ ‘ఇది వరిలా ఉంది, ఇది జీడితోటలా ఉంది’ అని పోల్చుకుంటుంది. పంట దొరకొచ్చు. పట్టాదారు పేరు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు.

మీ విషయంలో పేరే ప్రాణం. మావయ్యగారు ప్రతి వీడియోకీ ఊరి పేరు, సంవత్సరం, దళం పేరు రాసుకుని ఉంటారు కదా. అవి పోయి, ‘ఎఫ్’ అక్షరం పక్కన ఏడెనిమిది అంకెలున్న ఫైళ్లు వందలకొద్దీ వచ్చాయనుకోండి. ఏది పాలకొండ దగ్గరి ఊరిదో, ఏది టెక్కలి వైపుదో ఎవరు చెబుతారు? పైగా గంటసేపు నడిచే వీడియో డిస్కు మీద ఒకేచోట ఉండాలని లేదు. రెండు మూడు ముక్కలుగా తలో చోట ఉండొచ్చు. పుస్తకం లేకుండా ఆ ముక్కలు కలపడం కష్టం. అలాంటి వీడియో రెండు నిమిషాలు ఆడి బిగుసుకుపోతుంది. ఇదంతా ‘క్విక్ ఫార్మాట్’ అయితే. ఆ క్విక్ అన్నచోట టిక్కు తీసేశారో, విస్టా నుంచి ఇప్పటిదాకా వచ్చిన ఏ విండోస్ అయినా డిస్కంతా సున్నాలు రాసుకుంటూ పోతుంది. అలా అయిపోయాక పొలాలు కూడా ఉండవు. ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ చేయలేదు.

ఇది నేను ఊరికే చెప్పడం లేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విజయనగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన రోజు షాపంతా హడావిడి. మా అప్ప పాత ఆల్బమ్‌లన్నీ స్కాన్ చేయించి ఒక డిస్కులో పెట్టుకుంది. ‘ఎందుకో తెరుచుకోవట్లేదురా’ అని తెచ్చి ఇచ్చింది. పెట్టగానే కంప్యూటర్ ఇదే మాట అడిగింది. ఏ కస్టమర్ డిస్కుకీ చేయని పని అప్ప డిస్కుకి చేశాను. ఎస్ నొక్కాను. రికవరీలో బొమ్మలు చాలావరకు వచ్చాయి. కానీ ఏది ఎవరి పెళ్లో, ఏది ఎవరి బారసాలో ఫోల్డర్ పేర్లలోనే ఉండేది. అప్పటికి మా పెద్దమ్మ లేదు. ఆ ముఖాల్లో సగం ఎవరివో చెప్పేవాళ్లు ఇంట్లో ఎవరూ మిగల్లేదు. రెండు వారాలయ్యాక అదే డిస్కు మళ్లీ ఫార్మాట్ అడిగింది. ఈసారి కేబుల్ మార్చి చూశాను. ఇక ఎప్పుడూ అడగలేదు. అంటే మొదటిసారి కూడా తప్పు కేబుల్‌దే. అప్ప ఇప్పటికీ ఏమీ అనదు. అదే ఇబ్బంది.

కాబట్టి మీ డిస్కు దగ్గరికి వద్దాం, కేబుల్ నుంచే మొదలుపెడదాం.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ఒకటుంది. పాత సిస్టమ్‌లో లైటు మిణుకుమంటుంది, డిస్కు రాదు. ల్యాప్‌టాప్‌లో అప్పుడప్పుడూ వస్తుంది. డిస్కు పూర్తిగా చచ్చిపోతే రెండుచోట్లా ఒకేలా ఉండాలి. చోటుని బట్టి మారుతోందంటే కరెంటునీ తీగనీ అనుమానించాలి. చేతిలో పట్టే ఈ చిన్న డిస్కులకి వేరే అడాప్టర్ ఉండదు, యూఎస్‌బీ పోర్టు ఇచ్చిన కరెంటుతోనే లోపలి మోటారు తిరగాలి. పాత యూఎస్‌బీ 2 పోర్టు లెక్క ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీ ఆంపియర్లు. 3 అయితే 900. మోటారు ఆగి ఉన్నచోటు నుంచి తిరగడం మొదలుపెట్టే ఆ రెండు మూడు సెకన్లలో 1 ఆంపియర్ దాకా అడుగుతుంది. పాత సిస్టమ్‌లో, అందులోనూ క్యాబినెట్ ముందువైపు పోర్టులో, లోపల సన్నటి తీగ మీదుగా వచ్చే కరెంటు దానికి చాలదు. మోటారు తిరగబోయి ఆగుతుంది, మళ్లీ తిరగబోతుంది. మీకు కనబడే మిణుకు అదే కావచ్చు. ఇంటికి వోల్టేజీ తక్కువొచ్చినప్పుడు ఫ్యాన్ ఊగుతుంది కానీ తిరగదు చూడండి, అలాగ.

అందుకని ఆ పాత సిస్టమ్‌ని పక్కన పెట్టేయండి. ల్యాప్‌టాప్‌కే పెట్టండి. పోర్టు లోపల ప్లాస్టిక్ నాలుక నీలం రంగులో ఉంటే సాధారణంగా అది యూఎస్‌బీ 3. దానికి నేరుగా పెట్టాలి, ఒక పోర్టుని నాలుగు చేసే హబ్ మధ్యలో వద్దు. మౌస్, పెన్‌డ్రైవ్ లాంటివి అప్పటికి తీసేయండి.

తర్వాత కేబుల్. మీది గత పదేళ్లలో కొన్న డిస్కే అయితే కేబుల్ చివర వెడల్పుగా, మధ్యలో నొక్కుపడ్డ మూతి ఉండే అవకాశం ఎక్కువ. ఆ మూతిలో రెండు భాగాలుంటాయి. పెద్ద భాగం మామూలు ఫోను ఛార్జర్ మూతిలా ఉంటుంది, పక్కన చిన్న భాగం వేగం కోసం. చాలామంది డిస్కుని కేబుల్ పట్టుకుని ఎత్తుతారు, టీవీ వెనకాల వేలాడదీస్తారు. దాంతో ఆ మూతి వదులవుతుంది. చూడ్డానికి బాగానే దూరినట్టుంటుంది, వేలితో కాస్త కదిపితే లైటు ఆరిపోయి వెలుగుతుంది. తీరం దగ్గరి ఊళ్ల నుంచి వచ్చే డిస్కులకైతే ఉప్పు గాలికి మూతి లోపల చిలుం కూడా పడుతుంది. కొత్త కేబుల్ ఒకటి కొనండి, పొట్టిది. పక్కింటివాళ్లది అడిగి తెచ్చుకోకండి. అది పాడైన కేబులో కాదో మీకూ తెలీదు, వాళ్లకీ తెలీదు. అనుమానం తీర్చుకోవడానికి ఇంకో అనుమానం తెచ్చుకున్నట్టవుతుంది.

కొత్త కేబుల్‌తో పెట్టే ముందు ఇంట్లో టీవీ, ఫ్యాన్ ఆపేయండి. డిస్కుని బల్ల మీద పరిచినట్టు పెట్టి, కేబుల్ తగిలించి, చెవి దగ్గరికి వంచి వినండి. దాని మీద వేలు ఆనించండి. మంచి డిస్కయితే మొదట సన్నగా ‘జుయ్య్’మని వేగం అందుకుంటుంది, వేలికి సమంగా వణుకు తెలుస్తుంది, తర్వాత చిన్న చిటపట వినిపించి సద్దుమణుగుతుంది. అలా ఉంటే ముందుకెళ్దాం. ‘టక్.. టక్.. టక్’ అని గడియారంలా కొడుతుంటే మాత్రం వెంటనే పీకేయండి. లోపల పళ్లెం మీద ఆనకుండా తేలుతూ చదివే హెడ్ దారి తప్పి మొదటికి వచ్చి మళ్లీ వెతుక్కుంటోందని అర్థం. ఆ హెడ్డుకీ పళ్లేనికీ మధ్య సందు కొన్ని నానోమీటర్లు. మన వెంట్రుక మందం దానికి వేల రెట్లు ఉంటుంది. దెబ్బతిన్న హెడ్‌తో నిమిషం ఎక్కువ తిప్పినా పళ్లెం మీద గీత పడొచ్చు. గీత పడ్డచోట ఉన్న పాట ఇక లేనట్టే. ‘కుయ్ కుయ్’మని సన్నగా బీప్ వస్తే మోటారు తిరగలేకపోతోంది. అది కరెంటు చాలకపోయినా రావచ్చు, కాబట్టి కొత్త కేబుల్‌తో, ఇంకో పోర్టుతో ఒక్కసారి చూసి, అప్పటికీ బీప్ వస్తుంటే ఆపేయండి.

టక్ టక్, బీప్ ఈ రెండింటికీ మన జిల్లాల్లో మందు లేదు. నా షాపులోనూ లేదు. దుమ్ము లేని గదిలో మూత విప్పి హెడ్లు మార్చే ల్యాబులు హైదరాబాద్, బెంగళూరు లాంటి చోట్ల ఉంటాయి. ఖర్చవుతుంది. ఇచ్చేముందు రెండు విషయాలు అడగండి. దొరికిన ఫైళ్ల జాబితా చూపించాకే డబ్బు తీసుకుంటారా, ఏమీ దొరక్కపోతే ఎంత తీసుకుంటారు. ‘మూత ఇక్కడే విప్పేసి చూద్దాం’ అని ఏ చిన్న షాపువాడన్నా, ఆ షాపు నాదైనా సరే, డిస్కు తీసుకుని బయటికొచ్చేయండి.

శబ్దం బాగుందనుకుందాం. ఇప్పుడు ల్యాప్‌టాప్‌లో విండోస్ బొమ్మ ఉన్న మీట, ఎక్స్ మీట కలిపి నొక్కితే ఒక జాబితా వస్తుంది. అందులో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. మై కంప్యూటర్‌లో (ఇప్పటి విండోస్‌లో ‘దిస్ పీసీ’) డ్రైవ్ కనబడలేదని చాలామంది ఆశ వదిలేసుకుంటారు కానీ, అసలు చూడాల్సిన చోటు ఇది. కింది సగంలో డిస్క్ 0, డిస్క్ 1 అని అడ్డంగా పట్టీలుంటాయి. మామూలుగా మొదటిది ల్యాప్‌టాప్ సొంత డిస్కు, దాని జోలికి వెళ్లొద్దు. 931 జీబీ అన్న పట్టీ మీది. ఇది తెరవగానే ‘డిస్కుని ఇనిషియలైజ్ చేయాలి’ అని ఒక డబ్బా ఎగిరి రావచ్చు. అదీ ఫార్మాట్‌కి తోడబుట్టిందే, క్యాన్సిల్ చేయండి.

ఆ పట్టీ మీద ఏం రాసుందన్నదాన్ని బట్టే అంతా. ‘హెల్దీ’ అని ఉండి పక్కన అక్షరం మాత్రం లేకపోతే మీరు అదృష్టవంతులు. దాని మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవ్ లెటర్ మార్చే చోట ఏదైనా ఖాళీ అక్షరం ఇస్తే తెరుచుకుంటుంది. ‘అన్అలొకేటెడ్’ అని నల్ల గీత ఉంటే సర్వే రాళ్లు పోయాయి, అంటే డిస్కులో ఏ భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసుండే పార్టిషన్ పట్టిక చెడింది. పట్టీయే రాకపోయినా, రావడానికి నిమిషాలు పట్టినా, ‘నో మీడియా’ అన్నా గొడవ డిస్కు లోపలిదే. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీకు ‘రా’ (RAW) అని కనిపిస్తుందని నా అంచనా. రమ్మని కాదు, పచ్చిది అని. పార్టిషన్ ఉంది, లోపలి పుస్తకం మాత్రం చదవలేకపోతున్నాను అని చెప్పడం.

ఒక్కోసారి కొత్త కేబుల్ పెట్టగానే ‘రా’ పోయి ఫోల్డర్లన్నీ కళ్లముందుకొచ్చేస్తాయి. అలా జరిగితే సంతోషంలో వీడియోలు చూస్తూ కూర్చోకండి. ఆ నిమిషం నుంచే ఇంకో డిస్కుకి కాపీ మొదలుపెట్టండి.

రాకపోతే ఇంకో పని ఉంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అని ఉచిత ప్రోగ్రామ్, డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా చూపిస్తుంది. అందులో 05, సీ5, సీ6 అన్న మూడు వరుసలు చూడండి. చెడిపోయి పక్కన పెట్టేసిన చోట్లు, చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు, ఎంత ప్రయత్నించినా చదవలేకపోయిన చోట్లు వరసగా వాటిలో ఉంటాయి. చివరి గడిలో అన్నీ సున్నాలయితే, పైన నీలం రంగులో ‘గుడ్’ అని ఉంటే డిస్కు శరీరం బాగుంది, పుస్తకమే చిరిగింది. సీ5లో సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే శరీరం కూడా జబ్బు పడింది, ఇక దాంతో నేరుగా పని చేయకూడదు. కొన్ని డిస్కుల కేసులు ఈ చిట్టా బయటికి ఇవ్వవు. అప్పుడు జబ్బు పడిందనే అనుకుని నడుచుకోవడం మంచిది.

జబ్బు పడినా పడకపోయినా మీ కేసులో నేను చేసే పని ఒకటే. ముందు మొత్తం డిస్కుకి మక్కీకి మక్కీ నకలు తీయడం. దానికి ఇదే సైజు గానీ అంతకంటే పెద్దది గానీ కొత్త డిస్కు ఇంకోటి కావాలి, ఈ ఖర్చు తప్పదు. విండోస్‌కి బదులు వాడే లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో సిస్టమ్ తెరిచి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్‌తో ఈ పని చేస్తాం. అది తెలివైనది. మొండికేసిన చోట ఆగిపోకుండా దాటేసి, సులువుగా వచ్చేవన్నీ ముందు లాగేసుకుని, చివర్లో మొండిచోట్లకి మళ్లీ వస్తుంది. ఎంతవరకు వచ్చిందో ఒక ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపినా మళ్లీ మొదటికి వెళ్లదు. మంచి డిస్కు, యూఎస్‌బీ 3 అయితే 1 టీబీకి మూడు గంటలు చాలొచ్చు. యూఎస్‌బీ 2 అయితే ఎనిమిది తొమ్మిది గంటలు. జబ్బు డిస్కయితే రోజులు. ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండుగా ఉంచి, ఛార్జర్ పెట్టి, స్లీప్‌లోకి వెళ్లకుండా సెట్ చేసి వదిలేయండి. ఈసారి కరెంటు పోయినా బాధ లేదు.

ఈ పని మీ మరిది చేయగలడా అంటే, కంప్యూటర్ అలవాటున్నవాడే కాబట్టి చేయగలడు. భయం ఒక్కటే. ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న రెండు పేర్లు తారుమారయ్యాయంటే ఖాళీ డిస్కు వెళ్లి మావయ్యగారి డిస్కు మీద పడుతుంది. ఎంటర్ కొట్టేముందు రెండు డిస్కుల సైజులూ, పేర్లూ కాగితం మీద రాసుకుని, మీరు పక్కన కూర్చుని ఒకసారి పైకి చదివించండి. స్కూల్లో పిల్లల చేత చదివిస్తారే, అలాగే. చేయి వణికితే మానేసి ఎవరైనా తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, చిన్నతనం ఏమీ లేదు.

నకలు చేతికొచ్చాక అసలు డిస్కుని మళ్లీ బీరువాలో పెట్టేయండి. ఇక ఏ ప్రయోగం చేసినా నకలు మీదే. టెస్ట్‌డిస్క్ అని ఇంకో ఉచిత ప్రోగ్రామ్ ఉంది. బొమ్మలుండవు, నల్ల తెర మీద అక్షరాలే, చూడగానే భయమేస్తుంది. అందులో డిస్కు ఎంచుకుని, అనలైజ్, తర్వాత క్విక్ సెర్చ్ అంటే పాత పార్టిషన్ కనిపెట్టి చూపిస్తుంది. దాని మీద పీ (P) మీట నొక్కితే లోపలి ఫోల్డర్ల జాబితా వస్తుంది. ఆ జాబితాలో మావయ్యగారు పెట్టిన పేర్లు కనబడ్డాయంటే సగం గెలిచినట్టు కాదు, మొత్తం గెలిచినట్టే. చిన్న అక్షరం ‘ఏ’ (a) నొక్కితే అన్నీ ఎంపికవుతాయి, పెద్ద అక్షరం ‘సీ’ (C) నొక్కితే వేరే డిస్కుకి కాపీ అవుతాయి. అక్కడే ‘రైట్’ అని ఒక మాట ఉంటుంది, రాసేయమని. నకలైనా సరే, ఫైళ్లు బయటికి వచ్చేదాకా దాన్ని నొక్కకండి. పేర్లు రాకపోతే అప్పుడు, ఆఖరున, మీ మరిది చెప్పిన పద్ధతి. టెస్ట్‌డిస్క్‌తోనే వచ్చే ఫొటోరెక్, పేరుతో పనిలేకుండా వీడియో ఆకారాన్ని బట్టి వెతికి తీస్తుంది. దానికి కూడా ఫార్మాట్ అక్కర్లేదు. ఈ మాట అతనికి గట్టిగా చెప్పండి. రికవరీ సాఫ్ట్‌వేర్ ఏదైనా ఫార్మాట్ చేయని డిస్కు మీద ఇంకా బాగా పనిచేస్తుంది.

చెక్‌డిస్క్ సలహా ఇచ్చినవారికి నమస్కారం చెప్పి వదిలేయండి. ‘రా’ అన్న డిస్కు మీద అది ఎలాగూ నడవదు, కుదరదని చెప్పేస్తుంది. నడిచే సందర్భాల్లో కూడా దాని పని పుస్తకంలో లెక్క సరిచూడటం. మీ వీడియోలు కాపాడటం దాని పని కాదు. లెక్క కుదరని ముక్కల్ని తీసి పేరు లేని సంచిలో పడేస్తుంది. నకలు తీయకముందు దాన్ని రానివ్వకూడదు. ఫ్రీజర్ సంగతి చెప్పనక్కర్లేదు. మన ఉక్కకి బయటికి తీసిన రెండు నిమిషాల్లో చల్లటి చెంబుకి పట్టినట్టు నీళ్లు పడతాయి. లోపల పళ్లేలకీ అదే పడుతుంది.

కేసు విప్పి లోపలి డిస్కు తీసి సిస్టమ్‌లో పెడదామన్న ఆలోచన కూడా వస్తుంది, వచ్చినా ఆగండి. ఈ చిన్న డిస్కుల్లో చాలావాటికి యూఎస్‌బీ మూతి లోపలి బోర్డు మీదే అతికించి ఉంటుంది, వేరేచోట పెట్టడానికి మామూలు మూతే ఉండదు. కొన్నిటిలో ఆ బోర్డు డేటాకి తాళం వేసి రాస్తుంది. బోర్డు మారితే తాళంచెవి పోయినట్టే. దీనికి తిరగేసిన కేసు కూడా ఒకటి చూశాను. ఇక్కడి స్టూడియో అతను 3 టీబీ డిస్కు కొని పాత కేసులో పెడితే 746 జీబీయే చూపించింది. డిస్కు పాడైందని గొడవకి తయారయ్యాడు. ఆ పాత కేసుకి 2 టీబీ దాటి లెక్కపెట్టడం రాదు, మిగిలింది మాత్రమే చూపిస్తోంది. కొత్త కేసు మార్చగానే మొత్తం వచ్చింది.

టీవీ గురించి ఒక మాట. కొన్ని టీవీలు, ముఖ్యంగా రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్సులు, డిస్కు పెట్టగానే తమ సొంత పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటామని అడుగుతాయి. ఆ రోజు రిమోట్ ఎవరి చేతిలో ఉందో, అలాంటిదేమైనా అడిగితే ఓకే కొట్టారేమో చుట్టాల్లో పిల్లల్ని కనుక్కోండి. తిట్టకుండా అడిగితే చెబుతారు. ఓకే కొట్టి ఉంటే కథ వేరు, నకలు తీసే పని ఇంకా తొందరగా చేయాలి.

మావయ్యగారికి చెప్పాలా అని మీరు అడగలేదు కానీ అందులోనే ఉంది మీ టెన్షన్ అంతా. ఇవాళే చెప్పండి. నా కారణం పూర్తిగా షాపు కారణం. ఏ కెమెరాతో తీశారో, మెమరీ కార్డులు ఎక్కడ పెట్టారో, ఏ దళం వాళ్లకి ఏ వీడియో పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారో ఆయనకే తెలుసు. ఛాతీకి తప్పెట కట్టుకుని ఆడినవాళ్లు తమ వీడియో అడిగి తీసుకోకుండా ఉంటారా? ఆ పెన్‌డ్రైవ్‌లలో ఎన్నో బతికే ఉంటాయి. పాత మెమరీ కార్డులు దొరికితే వాటితో ఫొటోలు తీయకండి, చెరిపేసినట్టు కనబడ్డా వాటిలోంచి కూడా తీయొచ్చు. ఆయన చేత ఊళ్ల పేర్లు, సంవత్సరాలు గుర్తున్నంతవరకు ఒక నోటుబుక్కులో రాయించండి. పేర్లు పోయిన ఫైళ్లు వస్తే ఆ పుస్తకమే మనకి అడంగల్.

డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచాక ఏదీ నొక్కకుండా ఫోనుతో ఒక ఫొటో తీయండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో తెర ఇంకోటి. కేబుల్ మార్చాక శబ్దం ఎలా ఉందో రెండు ముక్కల్లో రాసి, ఆ ఫొటోలతో కలిపి పంపండి. అందాకా డిస్కు బీరువాలోనే, తాళంచెవి మీ దగ్గరే.